స్ట్రైకర్ పోతే క్లబ్బు పోతుందా?

జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టే ఆటగాడు వచ్చే సీజన్‌కు ఉంటాడా, వెళ్తాడా అన్న వాదన ఫుట్‌బాల్ అభిమానులున్న ప్రతిచోటా ఏటా రెండుసార్లు లేస్తుంది. ఆటగాళ్ల బదిలీలకు తలుపులు తెరుచుకునే వేసవిలో ఒకసారి, జనవరిలో ఒకసారి. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి ఊళ్లకూ ఇది కొత్త కాదు. కామారెడ్డి హైదరాబాద్-నిజామాబాద్ రైలు మార్గం మీద ఉంది. ఎల్లారెడ్డికి రైలు లేదు. రెండు ఊళ్ల నుంచీ హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన గచ్చిబౌలి స్టేడియం నూరు కిలోమీటర్ల పైమాటే. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ చూసి అదే రాత్రి ఇల్లు చేరడం అంత తేలికగా ఉండేది కాదు. కాబట్టి ఇక్కడి అభిమానం చాలావరకు ఫోన్ తెర మీద పెరిగింది. ఆ తెర మీద మాడ్రిడ్, గచ్చిబౌలి ఒకే దూరంలో ఉంటాయి. హ్యారీ కేన్ గురించీ, ఎంబాపె గురించీ, హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆడిన ఒగ్బెచె గురించీ "పోతడా, ఉంటడా" అన్న ప్రశ్న ఒకే గొంతుతో వినిపిస్తుంది.

ఈ ప్రశ్న వెనక స్థిరపడిపోయిన ఒక అభిప్రాయం ఉంది. స్ట్రైకరే క్లబ్బుకు ప్రాణం, అతను పోతే జట్టు కూలుతుంది అన్నది అందులో మొదటి భాగం. డబ్బుకోసం వెళ్లేవాడు నమ్మకద్రోహి అన్నది రెండోది. తెలంగాణకు వచ్చేసరికి దీనికి చారిత్రక రూపం కూడా ఏర్పడింది: ఒకప్పుడు దేశాన్ని ఏలిన హైదరాబాద్ ఫుట్‌బాల్ చచ్చిపోవడానికి కారణం మన మేటి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు ఎగరేసుకుపోవడమే అన్నది మూడో భాగం. పెద్దల నుంచి పిల్లల దాకా అందరూ ఒప్పేసుకున్న ఈ మూడు మాటలూ లెక్కల ముందు నిలబడవు.

ముందు ద్రోహం సంగతి. క్లబ్బు మారే ఆటగాణ్ణి తిట్టడానికి అభిమాని కొత్త మాటలు వెతుక్కోనక్కర్లేదు. రాజకీయం అన్నీ తయారుచేసి పెట్టింది. జంప్ జిలానీ, ఫిరాయింపు, గోడ దూకడం. ఈ మాటలు ఎక్కడ పుట్టాయో, ఎందుకు పుట్టాయో ఈ రెండు ఊళ్లకు తెలిసినంతగా మరో చోట తెలియకపోవచ్చు. 2018 డిసెంబరు ఎన్నికల్లో ఎల్లారెడ్డి నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచిన జాజాల సురేందర్, 2019లో అధికార తెరాసలో విలీనమైన పన్నెండు మంది కాంగ్రెస్ శాసనసభ్యుల్లో ఒకరు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచినవి 19 స్థానాలు. ఉత్తమ్‌కుమార్ రెడ్డి లోక్‌సభకు వెళ్లి రాజీనామా చేశాక మిగిలినవి 18. అందులో మూడింట రెండు వంతులు సరిగ్గా పన్నెండు. ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు విలీనానికి అడిగేదీ అంతే. ఓటర్ల దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిన అవసరం పడలేదు. 2023లో అదే సురేందర్, భారాసగా పేరు మారిన ఆ పార్టీ తరఫున పోటీచేసి కాంగ్రెస్ అభ్యర్థి మదన్‌మోహన్ రావు చేతిలో ఓడిపోయారు. కామారెడ్డిలో అంతకుముందు జరిగింది వేరు. 2009లో తెలుగుదేశం నుంచి గెలిచిన గంప గోవర్ధన్ తెలంగాణ ఉద్యమ కాలంలో పదవికి రాజీనామా చేసి తెరాసలో చేరి, 2012 మార్చి ఉప ఎన్నికలో మళ్లీ ప్రజల తీర్పు కోరి గెలిచారు. ఇద్దరూ పార్టీ మారినవారే. ఒకరు మారిన తీరులో ఓటరుకు చోటు లేదు, మరొకరు మారిన తీరులో ఉంది. జనం కోపం ఎక్కడ న్యాయమో ఈ తేడాయే చెబుతుంది: తమ పేరుతో వచ్చిన అధికారాన్ని తమను అడగకుండా మరొకరికి అప్పజెప్పినప్పుడు.

ఫుట్‌బాల్ ఆటగాడి చేతిలో అలాంటి అధికారం ఏదీ ఉండదు. అతన్ని అభిమాని ఎన్నుకోలేదు. క్లబ్బు యజమాని పనిలో పెట్టుకున్నాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది గడువున్న కూలి ఒప్పందం. ఫిఫా నిబంధనల ప్రకారం మామూలుగా అది ఐదేళ్లకు మించకూడదు. చివరి ఆరు నెలల్లో ఆటగాడు ఇంకో క్లబ్బుతో బాహాటంగా మాట్లాడుకోవచ్చు. గడువు తీరిపోతే ఎవరికీ పైసా ఇవ్వకుండా వెళ్లిపోవచ్చు. ఈ చివరి హక్కు ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. బెల్జియంలోని లీజ్ క్లబ్బుకు ఆడిన జాన్ మార్క్ బోస్మన్ తన ఒప్పందం ముగిశాక కూడా క్లబ్బు తనను వదలకపోతే కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పిచ్చింది. అంతకుముందు ఐరోపాలో చాలాచోట్ల, ఒప్పందం తీరిపోయిన ఆటగాణ్ణి కూడా క్లబ్బు తన సొత్తుగా పట్టి ఉంచుకుని ధర అడగగలిగేది. గడువు ముగిశాక కూడా జీతగాణ్ణి వదలని దొర గురించి తెలంగాణ పల్లెలకు వేరే పాఠం అక్కర్లేదు. అయినా అదే పల్లెల్లోని అభిమాని ఆటగాడి దగ్గరికి వచ్చేసరికి దొర వైపు నిలబడి మాట్లాడడం విడ్డూరమే.

గడువు మధ్యలో వెళ్లడం మాత్రం సంగతి వేరు అనవచ్చు. కానీ గడువు మధ్యలో ఆటగాడు మామూలుగా ఒంటరిగా వెళ్లలేడు. క్లబ్బు ధర చెప్పాలి, కొనే క్లబ్బు ఒప్పుకోవాలి, అమ్మే క్లబ్బు సంతకం పెట్టాలి. అంటే మధ్యలో జరిగే దాదాపు ప్రతి బదిలీలోనూ అమ్మినవాడు ఒకడుంటాడు. తిట్లన్నీ వెళ్లినవాడికే పడి, అమ్మి సొమ్ము చేసుకున్నవాడికి ఒక్కటీ పడకపోవడం ఈ వాదనలో ఏళ్ల తరబడి సాగుతున్న వింత.

ఇక స్ట్రైకర్ పోతే జట్టు కూలుతుందన్న మాటకు ఇంట్లోనే పరీక్ష జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో ఏర్పడింది. అంతకుముందు దాకా ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన పుణే సిటీ క్లబ్బు మూతపడితే ఆ స్థానం హైదరాబాద్‌కు వచ్చింది. పుణేకి ఆడిన బ్రెజిల్ ఆటగాడు మార్సెలీన్యో కూడా వచ్చాడు. ఆ మొదటి సీజన్లో జట్టు ఆశలన్నీ అతని మీదే. ఫలితం పట్టికలో అట్టడుగు స్థానం, పది పాయింట్లు. 2020లో మార్సెలీన్యో ఒడిశా ఎఫ్‌సీకి వెళ్లాడు. అతను లేని హైదరాబాద్ తర్వాతి సీజన్లో 29 పాయింట్లతో ఐదో స్థానానికి ఎగబాకింది. అతన్ని తెచ్చుకున్న ఒడిశా ఆ సీజన్లో చివరన నిలిచింది.

ఆ 2020-21 సీజన్లో స్పెయిన్ స్ట్రైకర్ అరిదానె సంతానా హైదరాబాద్ తరఫున పది గోల్స్ కొట్టాడు. సీజన్ ముగియగానే అతనూ వెళ్లిపోయాడు, అతనూ ఒడిశాకే. అదే వేసవిలో కుర్ర వింగర్ లిస్టన్ కొలాసోను ఏటీకే మోహన్ బగాన్ పెద్ద మొత్తం పోసి కొనుక్కుంది. అంటే దాడి విభాగంలో ఇద్దరు ముఖ్యులు ఒకేసారి పోయారు. "పోతడా, ఉంటడా" లెక్క ప్రకారం జట్టు కుప్పకూలాలి. జరిగింది చూస్తే, 2021-22లో హైదరాబాద్ లీగ్ దశలో 38 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచి, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి మొదటిసారి ఛాంపియన్ అయింది.

ఇక్కడ ఎదుటిపక్షం చెప్పే జవాబు తెలిసిందే: వెళ్లినవాళ్ల బదులు ఒగ్బెచె వచ్చాడు కదా, 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలిచాడు కదా, అంటే స్ట్రైకరే కదా ప్రాణం! నైజీరియాకు చెందిన బార్తలోమ్యూ ఒగ్బెచె గొప్ప గోల్ స్కోరర్ అన్నదానిలో అనుమానం లేదు. కానీ ఆయన చరిత్రే ఈ వాదనను దెబ్బతీస్తుంది. 2018-19లో నార్త్ ఈస్ట్ యునైటెడ్, ఆ తర్వాత కేరళ బ్లాస్టర్స్, ఆ తర్వాత ముంబయి సిటీ, ఆపై హైదరాబాద్. నాలుగు సీజన్లలో నాలుగు క్లబ్బులు. వెళ్లేవాడు ద్రోహి అన్న సూత్రం నిజమైతే హైదరాబాద్ అభిమానులు నెత్తిన పెట్టుకున్నది మూడుసార్లు ద్రోహం చేసినవాణ్ణి. తమ దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని ద్రోహమని ఎవరూ అనలేదు, పండగ చేసుకున్నారు. వచ్చినప్పుడు ఒక ధర్మం, పోయినప్పుడు ఇంకో ధర్మం ఉంటే దాన్ని ధర్మం అనడం కష్టం.

అంకెలు ఇంకా గట్టి మాట చెబుతాయి. 2021-22 లీగ్ దశలో హైదరాబాద్ 20 మ్యాచుల్లో 43 గోల్స్ కొట్టి 23 ఇచ్చుకుంది. తర్వాతి సీజన్లో ఒగ్బెచె గోల్స్ 18 నుంచి పదికి పడిపోయాయి. జట్టు పాయింట్లు మాత్రం 38 నుంచి 42కు పెరిగాయి, ఎందుకంటే ఆ ఏడు అది ప్రత్యర్థులకు ఇచ్చుకున్నవి పదహారే. రెండేళ్ల పోలికలో స్ట్రైకర్ గోల్స్ దాదాపు సగానికి తగ్గినా పట్టికలో జట్టు బలపడింది. అప్పటికే కుడి డిఫెండర్ ఆశిష్ రాయ్‌ను 2022లో మోహన్ బగాన్ తీసుకుపోయింది. వింగర్‌గా ఆడే నిఖిల్ పూజారిని కోచ్ మనోలో మార్కెస్ ఆ స్థానంలోకి దించి పని నడిపించారు. ఆశిష్ రాయ్ పోతాడా ఉంటాడా అని తలలు బద్దలు కొట్టుకున్న అభిమానులు ఎంతమంది? అసలు ఆ మూడేళ్ల ఎదుగుదలకు కేంద్రం 2020లో వచ్చి 2023లో గోవాకు వెళ్లిపోయిన మార్కెస్. ఆయన గురించి జరగాల్సినంత చర్చ జరగలేదు.

ఫైనల్ సంగతి చెప్పుకోకపోతే లెక్క పూర్తి కాదు. ఆ రాత్రి ఒగ్బెచె గోల్ కొట్టలేదు. 68వ నిమిషంలో రాహుల్ కె.పి. కేరళను ముందుకు తీసుకెళ్తే, 88వ నిమిషంలో బెంచీ మీది నుంచి వచ్చిన సాహిల్ టవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. 3-1తో కప్పు వచ్చింది. తెలంగాణ ఫుట్‌బాల్‌కు కొన్ని దశాబ్దాల తర్వాత దక్కిన పెద్ద విజయాన్ని తెచ్చినవాళ్లు, ఏ వేసవిలోనూ ఎవరూ "పోతడా" అని అడగని ఇద్దరు. (పెద్ద పేర్ల మీద ఇంతటి నమ్మకం కామారెడ్డికి ఎలా మిగిలిందో కూడా ఆశ్చర్యమే. 2023 నవంబరు ఎన్నికల్లో కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ అక్కడ పోటీకి దిగితే గెలిచింది స్థానికుడైన కాటిపల్లి వెంకటరమణారెడ్డి.)

మరి 2023-24లో ఏం జరిగింది? ఒగ్బెచె వెళ్లాడు, జట్టు 22 మ్యాచుల్లో ఒకే ఒక్క విజయంతో ఎనిమిది పాయింట్ల దగ్గర ఆగి చివరి స్థానానికి పడిపోయింది. స్ట్రైకర్ పోతే కూలుతుందనేవాళ్లు చూపించే రుజువు ఇదే. కానీ సంఘటనల వరస చూస్తే వేరే కథ బయటపడుతుంది. ముందు జీతాలు ఆగాయి. బకాయిల గొడవ ఫిఫా దాకా వెళ్లింది, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్బు మీద నిషేధం పడింది. 2024 జనవరి వచ్చేసరికి నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సానా సింగ్ సహా ఒకరి తర్వాత ఒకరు సర్దుకున్నారు. విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లు జెర్సీ వేసుకుని మైదానంలో నిలబడ్డారు. ఇందులో ఎవరి నిష్క్రమణ ఎవరి పతనానికి కారణం? జీతం ఇవ్వని మిల్లులో కార్మికుడు పని మానేస్తే, కార్మికుడు మానేశాడు కాబట్టి మిల్లు మూతపడిందని ఎవరూ అనరు. ఆటలో మాత్రం అదే అంటున్నారు.

మార్సెలీన్యో పోయాక జట్టు పైకొచ్చింది. అరిదానె పోయాక కప్పు గెలిచింది. ఒగ్బెచె పోయాక కూలింది. మూడింటిలోనూ పోయింది గోల్స్ కొట్టే ప్రధాన ఆటగాడే. మారింది క్లబ్బు స్థితి. మొదటి రెండుసార్లు జీతాలు అందుతున్నాయి, కోచ్‌గా మార్కెస్ ఉన్నారు, పోయినవాడి స్థానంలో ఎవరిని తేవాలో తెలిసినవాళ్లు ఉన్నారు. మూడోసారి ఈ మూడూ లేవు.

బయటి ప్రపంచంలోనూ ఇదే కనబడుతుంది. టోటెన్‌హామ్ చరిత్రలో అత్యధికంగా 280 గోల్స్ కొట్టిన హ్యారీ కేన్ 2023 ఆగస్టులో బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లాడు. ఒప్పందంలో ఇంకో ఏడాదే మిగిలి ఉండగా దాదాపు పది కోట్ల యూరోలకు క్లబ్బు అమ్మింది. కేన్ ఉన్నన్నాళ్లూ ఒక్క ట్రోఫీ గెలవని టోటెన్‌హామ్ 2025 మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ను ఓడించి యూరోపా లీగ్ గెలిచింది. అదే నెలలో కేన్ తన మొదటి జర్మన్ లీగ్ పతకం మెడలో వేసుకున్నాడు. విడిపోయాక ఇద్దరూ గెలిచారు. పారిస్ సెయింట్ జెర్మెయిన్ కథ ఇంకా విచిత్రం. మెస్సీ, నెయ్‌మార్, ఎంబాపె ముగ్గురూ ఒకే జట్టులో ఉండగా ఛాంపియన్స్ లీగ్ చేతికి రాలేదు. 2023లో ఇద్దరు, 2024లో ఉచితంగా ఎంబాపె వెళ్లిపోయాక, 2025 మే 31న ఇంటర్ మిలాన్‌ను 5-0తో చిత్తుచేసి ఆ కప్పు పట్టుకుంది. బార్సిలోనా మాటేమిటి అంటే, 2021 ఆగస్టులో మెస్సీ వెళ్లేనాటికి ఆ క్లబ్బు అప్పు 135 కోట్ల యూరోలని అధ్యక్షుడే ప్రకటించాడు. మెస్సీ ఉండాలనే అనుకున్నాడు, క్లబ్బే ఉంచుకోలేకపోయింది. అక్కడా ముందు చితికింది ఖజానా.

ఇక మూడో మాట, అన్నిటికన్నా మొండిది: కలకత్తా మన ఆటగాళ్లను పట్టుకుపోయింది కాబట్టి హైదరాబాద్ ఫుట్‌బాల్ పోయింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది, 1950లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఆ ఆట నీడలో పెరిగిన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడి వచ్చి, 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఆ తరంలో అంతకు మించిన ఫార్వర్డ్ దేశంలో లేడనడం అతిశయోక్తి కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. అతను పోగానే హైదరాబాద్ పడిపోవాలి కదా. 1957 డ్యూరాండ్ ఫైనల్లో గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్. ఓడింది ఈస్ట్ బెంగాల్. అదే 1957-58లో సంతోష్ ట్రోఫీ వరుసగా రెండోసారి హైదరాబాద్‌కే దక్కింది. 1961లో ఆంధ్ర పోలీస్ పేరుతో అదే జట్టు మళ్లీ డ్యూరాండ్ గెలిచింది. బలరాం వెళ్లాక నాలుగేళ్ల పాటు కూలనిది అతను వెళ్లినందువల్ల కూలిందని ఎలా అంటాం?

1963 జూన్‌లో రహీం చనిపోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవడం ఆ వైభవానికి చివరి మెరుపు. హైదరాబాద్‌కే చెందిన మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లింది 1966లో; ఆయన తర్వాత మరెందరో. హైదరాబాద్ మేటి ఆటగాళ్లు గుంపులుగా కలకత్తా బాట పట్టింది ఇక్కడి ఆట సన్నగిల్లడం మొదలయ్యాకే. పోలీసు జట్టులో ఆట అంటే పోలీసు ఉద్యోగం. జీతం, క్వార్టర్సు, పింఛను ఉంటాయి. అంతకు మించి ఆటకే ఒక ధర కట్టి చెల్లించే క్లబ్బు నగరంలో లేదు. కలకత్తాలో ఉంది, దాని వెనక టికెట్టు కొనే లక్షల జనం ఉన్నారు. హబీబ్ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటి మధ్యా అటూ ఇటూ తిరిగాడు. 1977 సెప్టెంబరులో పెలె వచ్చిన న్యూయార్క్ కాస్మోస్‌తో మ్యాచ్ 2-2తో ముగిస్తే మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. బద్ధ శత్రువులైన క్లబ్బుల మధ్య ఇన్నిసార్లు మారిన ఆ మనిషిని కలకత్తా ద్రోహి అనలేదు, 'బడే మియా' అని పిలిచింది. 2023 ఆగస్టులో ఆయన చనిపోయినప్పుడు మూడు శిబిరాలూ ఆయన్ని తమవాడనే చెప్పుకున్నాయి. ఫుట్‌బాల్‌ను నిజంగా బతికించుకున్న నగరం బదిలీని చూసే తీరు అది. బదిలీ లేకపోతే క్లబ్బుల మధ్య పోటీయే ఉండదని దానికి తెలుసు.

దీనికి ఒక బలమైన ఎదురువాదం ఉంది, దాన్ని దాటవేయకూడదు. బదిలీలు అందరికీ సమానంగా పనిచేయవు. ఉన్నవాడి దగ్గరికే ఆటగాడు పోతాడు, లేనివాడు ఎప్పుడూ పెంచి ఇచ్చేవాడుగానే మిగులుతాడు. ఇది నిజం. లిస్టన్, ఆశిష్ రాయ్‌లు మోహన్ బగాన్‌కు, ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి వెళ్లడంలో ఆ అసమానత కనిపిస్తూనే ఉంది. కానీ దానికి మందు ఆటగాణ్ణి కట్టేయడంలో లేదు. కట్టేస్తే పెంచిన క్లబ్బుకు వచ్చేది ఏమీ ఉండదు. గడువు తీరగానే ఉచితంగా పోతాడు, ఎంబాపె పోయినట్టు. సమయం చూసి మంచి ధరకు అమ్మి, ఆ డబ్బుతో ఇద్దరిని తయారుచేసుకోవడమే చిన్న క్లబ్బు బతికే దారి. అమ్మిన డబ్బు ఎటు పోయిందని నిలదీయడం అభిమాని హక్కు. ఆ ప్రశ్న యజమానికి వెళ్లాలి.

యజమానిని వదిలేసి ఆటగాణ్ణి పట్టుకోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో హైదరాబాద్‌కు 2025లో తెలిసింది. అంతకుముందే చేతులు మారిన ఆ క్లబ్బు ఆ ఏడాది అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ పేరు లేకుండా పోయింది. స్ట్రైకర్ల గురించి గొంతులు చించుకున్న ఆరేళ్లలో, క్లబ్బే ఊరు విడిచి వెళ్లవచ్చన్న ఆలోచన ఆ చర్చల్లోకి పెద్దగా రాలేదు. పుణే నుంచి ఆ స్థానం వచ్చిన రోజే అది ఎవరికైనా తట్టాల్సింది. జర్మనీలో ఎక్కువ క్లబ్బుల్లో ఓటింగు హక్కుల్లో సగానికి పైన సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. అక్కడ పెట్టుబడిదారు ఒక్కడే నిర్ణయించి క్లబ్బును ఇంకో నగరానికి లాక్కుపోలేడు. ఇక్కడ అభిమాని చేతిలో ఉన్నది టికెట్టు, జెర్సీ మాత్రమే.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి ఊళ్లకు ఈ వాదనలో సొంత లాభనష్టాలు కూడా ఉన్నాయి. 2016 అక్టోబరు దాకా ఈ రెండూ నిజామాబాద్ జిల్లాలోనివే. ఆ నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత జట్టు ఫార్వర్డ్. ఆమె ఆడిన క్లబ్బుల పేర్లు చూడండి: ముంబయి కెంక్రే, కోళికోడ్ గోకులం కేరళ, క్రొయేషియా దినమో జాగ్రెబ్, కోల్‌కతా ఈస్ట్ బెంగాల్. 2024-25లో ఈస్ట్ బెంగాల్‌తో ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచి, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ సీజన్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. ఆ పేర్లలో తెలంగాణ క్లబ్బు ఒక్కటీ లేదు. తండాలో పుట్టిన అమ్మాయికి ముంబయి, కోళికోడ్, జాగ్రెబ్, కోల్‌కతా తలుపులు తెరిచింది బదిలీయే. ఆటగాడు వెళ్లడమే తప్పయితే ఈ జిల్లాల నుంచి ఫుట్‌బాల్‌లో పైకొచ్చే దారి ఏదీ మిగలదు. మాడ్రిడ్ స్ట్రైకర్ వెళ్తే ద్రోహమనీ, మన పిల్ల వెళ్తే గర్వకారణమనీ ఒకే నోటితో చెప్పడం కుదరదు.

ఆ వెళ్లడం నుంచి ఊరికి డబ్బు వచ్చే ఏర్పాటు కూడా ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఫిఫా నిబంధనల ప్రకారం ఒక దేశం నుంచి మరో దేశానికి డబ్బు చెల్లించి జరిగే బదిలీలో ఐదు శాతాన్ని, ఆ క్రీడాకారుణ్ణి 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా తయారుచేసిన క్లబ్బులకు పంచాలి. ఏ ఏడాది ఎక్కడ ఆడాడో దాన్ని బట్టి వాటా వస్తుంది. బదిలీలు ఎంత పెరిగితే చిన్న క్లబ్బుకు అంత మేలు. అయితే ఆ క్లబ్బు సమాఖ్య దగ్గర నమోదై ఉండాలి, పిల్లవాడి పేరు ఆ క్లబ్బు కింద రాసి ఉండాలి. స్కూలు మైదానంలో, డిగ్రీ కాలేజీ మైదానంలో పొద్దున పూట ఆడించే జట్టు ఎంత బాగా నేర్పినా రికార్డుల్లో దాని పేరు లేకపోతే పైసా రాదు.